తమ్ముడు గాలిలో ఉన్నది సెకను కూడా కాదు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు ఆమె దగ్గరే ఉంటాడు. అతనికి కొండల్లో సైకిలు తొక్కడమంటే ప్రాణం. ఆదివారం తెల్లవారకముందే కారు వెనుక సైకిలు కట్టుకుని అక్కాతమ్ముళ్లిద్దరూ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళతారు. అతను తొక్కుతాడు, ఆమె వీడియో తీస్తారు. దసరా బోనస్‌తో యాక్షన్ కెమెరా కూడా కొన్నారు. సైకిళ్ల దుకాణం యజమాని ఒకరు ఆ మధ్య "మూడు నిమిషాల మంచి వీడియో చూపించండి, పోటీల ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నారట. కష్టాలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

మొదటి ఆదివారం అంతా సెకనుకు 24 ఫ్రేముల్లో, అంటే 24 బొమ్మల చొప్పున తీశారు, సినిమాలు అలాగే తీస్తారని ఎక్కడో చదివి. ఇంటికొచ్చి చూస్తే చెట్లు ముక్కలు ముక్కలుగా గెంతుతున్నాయి. రెండో ఆదివారం తమ్ముడు పట్టుబట్టి 240 పెట్టించాడు. కెమెరాలోని స్లో మోషన్ మోడ్‌లో ఒక్క నిమిషం దిగుడు ఎనిమిది నిమిషాల ఫైలై కూర్చుంది. బొమ్మ నిండా గరుకు, శబ్దం అసలే లేదు. పెళ్లి వీడియోలు తీసే బావగారు, అంటే పెదనాన్నగారి అల్లుడు, అవన్నీ చూసి "25లో తీసి ఉంటే నేను స్లో చేసి పెట్టేవాణ్ని కదమ్మా" అన్నారు. సాయంత్రాలు నగరంలో ఫ్లడ్‌లైట్ల కింద సాధన చేస్తుండగా 60లో తీస్తే తెర మీద నల్లటి చారలు పాకాయి.

మూడో ఆదివారం ఒకే మట్టి దిబ్బ మీది నుంచి తమ్ముడు ఏడుసార్లు దూకాడు. ప్రతిసారీ ఆమె కెమెరాలో అంకె మార్చి "ఇంకొక్కసారి రా" అన్నారు. ఏడోసారి ముందు చక్రం జారింది. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. పర్వాలేదన్న తమ్ముడే ఆ రాత్రి భోజనాల దగ్గర "నీకు రాదులే అక్కా, బావకు ఇస్తే తీస్తాడు" అన్నాడట. రెండున్నర నెలలైంది, ఆ మెమరీ కార్డును ఆమె మళ్లీ ముట్టుకోలేదు. "ఒక్క అంకె చెప్పండి, కళ్లు మూసుకుని పెట్టుకుంటాను. లేదంటే కెమెరా అమ్మేయమనండి, అమ్మేస్తాను" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

ఒక్క అంకె చెప్పలేను. అమ్మేయమనీ అనను. మీ ఉత్తరంలో 240 అనే అంకె పదకొండుసార్లు వచ్చింది. కుట్ల సంగతి మాత్రం ఒకే ఒక్క వాక్యం, అదీ పేజీ అడుగున ఇరికించి రాశారు. ఆ వాక్యం దగ్గరకు తప్పకుండా వస్తాను. ముందు అంకెల సంగతి చూద్దాం, అది తేలిక కాబట్టి.

మీరు ముగ్గురూ ఇన్నాళ్లూ వేర్వేరు విషయాలు మాట్లాడుతూ ఒకే విషయం అనుకుని వాదించుకున్నారు. తమ్ముడు చెప్పే 240, కెమెరా సెకనుకు ఎన్ని బొమ్మలు తీస్తుందన్న లెక్క. బావగారు తీయమనే 25, నిజానికి ఎడిటింగ్ అయ్యాక చూసేవారికి సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తామన్న లెక్క. ఈ రెండూ ఒకటే కావలసిన పని లేదు. రెండింటికీ తేడా ఉన్నప్పుడే కదా స్లో మోషన్ పుట్టేది! ఇక మూడోది షటర్ స్పీడ్. ఒక్కో బొమ్మ కోసం కెమెరా ఎంతసేపు కన్ను తెరిచి ఉంచిందన్నది. దాని పేరు మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. మీ మొదటి ఆదివారాన్ని పాడుచేసింది అదే.

ఒక చిన్న లెక్క చూడండి. మీ తమ్ముడు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నాడనుకుందాం. అంటే సెకనుకు సరిగ్గా పది మీటర్లు. 24 ఫ్రేముల్లో తీస్తే ఒక బొమ్మకూ మరుసటి బొమ్మకూ నడుమ సైకిలు దాదాపు 42 సెంటీమీటర్లు జరిగిపోతుంది. షటర్ 1/50 దగ్గర (సెకనులో యాభయ్యో వంతు) ఉంటే అందులో 20 సెంటీమీటర్ల మేర కదలిక బొమ్మ మీద చెరిపినట్టుగా పడుతుంది. ఆ చెరుపునే కన్ను వేగమని చదువుకుంటుంది. కానీ యాక్షన్ కెమెరాల్లో చాలావాటికి లెన్స్ రంధ్రం చిన్నదీ పెద్దదీ కాదు, ఎప్పుడూ ఒకే కొలత. ఎండ ఎక్కువైతే వెలుగు తగ్గించుకోవడానికి దానికి తెలిసిన దారి షటర్‌ను వేగం చేయడమే. అలా 1/1000కు వెళ్లిందనుకోండి, ఒక్కో బొమ్మలో చెరుపు ఒక్క సెంటీమీటరే. 42 సెంటీమీటర్లకు ఒకసారి అద్దంలా స్పష్టంగా నిలబడిన చెట్టు, మళ్లీ 42 సెంటీమీటర్ల అవతల అంతే స్పష్టంగా ఇంకోసారి. అది గెంతినట్టు కనబడక ఏమవుతుంది? తప్పు 24ది కాదు.

దీనికి పాతకాలపు సూత్రం ఒకటుంది. షటర్ సంఖ్య ఫ్రేముల సంఖ్యకు రెట్టింపు ఉండాలి. 24కు 1/48, 30కి 1/60, 60కి 1/120, 120కి 1/240. ఫిల్ము కెమెరాలో తిరిగే అర్ధచంద్రాకారపు పళ్లెం నుంచి వచ్చిన అలవాటు అది. ఎండలో ఈ సూత్రం పాటించాలంటే కెమెరాకు నల్లద్దాలు పెట్టాలి. ఎన్‌డీ ఫిల్టర్ అంటారు. 16 అంకె ఉన్నది వెలుగును పదహారో వంతుకు తగ్గిస్తుంది, 1/1000 కాస్తా 1/60 దగ్గరకు వస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది, దుకాణాల్లో ఎవరూ చెప్పరు. హెల్మెట్ మీద పెట్టిన కెమెరాకు ఈ నల్లద్దాలు చేటు చేస్తాయి. రాళ్ల దారిలో తల అదురుతూ ఉంటుంది. ఆ అదురును కెమెరాలోని స్థిరీకరణ సరిచేస్తుంది కానీ, ఒక్కో బొమ్మలో అప్పటికే పడిపోయిన చెరుపును తీయలేదు. బొమ్మ కదలకుండా నిలబడుతుంది, లోపల మాత్రం కళ్లజోడు తీసేసి చూసినట్టు ఉండుండి మసకబారుతుంది. పైగా అనంతగిరి దారి ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి పోతూ ఉంటుంది. నీడలోకి వచ్చిన ప్రతిసారీ ఆ నల్లద్దం మీ గొంతు పట్టుకుంటుంది. అందుకే నా అలవాటు చెబుతాను: ట్రైపాడ్ మీది కెమెరాకు ఫిల్టర్, హెల్మెట్ మీది కెమెరాకు ఫిల్టర్ లేకుండా 60 ఫ్రేములు. 60లో బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం 17 సెంటీమీటర్లకు తగ్గుతుంది కాబట్టి షటర్ కాస్త వేగంగా ఉన్నా కన్ను క్షమిస్తుంది.

ఇప్పుడు తమ్ముడి 240 దగ్గరకు వద్దాం. అతను ఆ దిబ్బ మీది నుంచి మీటరు ఎత్తు ఎగురుతున్నాడని రాశారు. మీటరు ఎత్తు లేచి, లేచినచోటి మట్టానికే దిగే మనిషి గాలిలో ఉండేది 0.9 సెకను. ఇందులో ఎవరి ప్రతిభా లేదు, భూమ్యాకర్షణ లెక్క. ఆ 0.9 సెకనులో 24 అయితే 22 బొమ్మలు, 60 అయితే 54, 120 అయితే 108, 240 అయితే 216 దొరుకుతాయి. వాటిని సెకనుకు 30 చొప్పున చూపిస్తే 120లో తీసిన గెంతు మూడున్నర సెకన్లు నడుస్తుంది, 240లో తీసినది ఏడు సెకన్ల పైచిలుకు. ఏడు సెకన్లు గాలిలో వేలాడే తమ్ముణ్ని మీరు చూస్తారు, మీ అమ్మగారు చూస్తారు. దుకాణం యజమాని నాలుగో సెకనుకు వేలితో తోసేస్తారు.

1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు పరుగుదారి పక్కన పన్నెండు కెమెరాలు వరుసగా పెట్టి గుర్రం పరుగును బొమ్మలు తీశాడు. పరిగెత్తే గుర్రం ఏదో ఒక క్షణంలో నాలుగు కాళ్లూ నేల మీది నుంచి ఎత్తేస్తుందా లేదా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. ఎంత తేరిపార చూసినా మనిషి కంటికి అది తేలదు. ఎత్తేస్తుందని ఆ బొమ్మలు తేల్చాయి. స్లో మోషన్‌కు న్యాయంగా ఉన్న పని అదే, కంటికి అందనిదాన్ని అందించడం. మన క్రికెట్‌లో రనౌట్‌ను మూడో అంపైరు ఒక్కో ఫ్రేమూ జరిపి చూసేదీ ఇందుకే. బ్యాటు గీత దాటిందా, బెయిల్ లేచిందా అన్నది ఒకటి రెండు బొమ్మల్లో ఉంటుంది. ఓవరంతా ఎవరూ అలా చూపించరు. (మన సినిమాల్లో కథానాయకుడు కారు దిగడానికి పట్టే సమయం గురించి ఇక్కడ మాట్లాడను. అది వేరే శాస్త్రం.)

కాబట్టి తమ్ముణ్ని ఒక ప్రశ్న అడగండి: నీ గెంతులో కంటికి అందనిది ఎక్కడుంది? నిజంగా తొక్కేవాడైతే వెంటనే చెబుతాడు. దిబ్బ అంచు మీద హ్యాండిల్‌ను ఒంటివైపు లాక్కునే క్షణం, వెనుక టైరు మట్టిని వదిలే క్షణం. తర్వాత దిగేటప్పుడు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సగానికి సగం లోపలికి కుంగి, చక్రం కింది నుంచి ఎర్రమట్టి విసనకర్రలా లేచే క్షణం. ఈ మూడూ కలిపితే అర సెకను ఉండదు. ఆ అర సెకనును నాలుగు రెట్లు సాగదీయండి. ముందు పరుగూ తర్వాతి పరుగూ అసలు వేగంలో ఉంచండి. నెమ్మది గొప్పగా కనిపించేది దాని పక్కన వేగం ఉన్నప్పుడే. ఆ సాగదీతకు 120 చాలు. నీళ్లు చిమ్మడం, రాయి పగలడం, గొలుసు తెగడం లాంటివి ఉంటే తప్ప 240 అక్కర్లేదు.

అక్కర్లేకపోగా ఖరీదు కూడా. 240 బొమ్మలు తీయాలంటే ఒక్కో బొమ్మకు సెకనులో 240వ వంతుకు మించి టైము దొరకదు. సూత్రం ప్రకారమైతే 1/480. మామూలు 30 ఫ్రేముల కన్నా ఎనిమిదో వంతు వెలుగు. ఉదయం ఏడింటికి చెట్ల కింద అంత వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? రాదు కాబట్టే కెమెరా వెలుగు పట్ల తన సున్నితత్వాన్ని పైకి పెంచుకుంటూ పోయింది, మీకు గరుకు మిగిలింది. చాలా కెమెరాలు 240కు వెళ్లగానే రిజల్యూషన్ తగ్గించేస్తాయి, స్థిరీకరణను కూడా తగ్గించడమో ఆపేయడమో చేస్తాయి.

అయితే మీ రెండో ఆదివారం వృథా కాలేదు. ఇది మీకు నచ్చే వార్త అనుకుంటున్నాను. ఆ ఎనిమిది నిమిషాల ఫైలులో ఉన్నవి సెకనుకు 240 చొప్పున తీసిన బొమ్మలే. కెమెరా వాటిని సెకనుకు 30 చొప్పున సాగదీసి దాచింది, అంతే. ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల టైమ్‌లైన్ (క్లిప్పుల్ని వరుసగా పేర్చే పట్టీ) మీద పెట్టి వేగాన్ని 800 శాతం చేయండి. ఒక్క నిమిషం దిగుడు ఒక్క నిమిషంగా తిరిగొస్తుంది. దానితోపాటు ఫ్రేమ్ బ్లెండింగ్ అనే సదుపాయం ఉంటే పెట్టి చూడండి. పక్కపక్క బొమ్మల్ని కలిపి ఒకటి చేస్తుంది. అలా కలిసినప్పుడు రెండు లాభాలు. కదలిక చెరుపు సహజంగా వస్తుంది. గరుకు ఒక్కో బొమ్మలో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి కలిపేసరికి చాలావరకు చల్లారుతుంది. ఎన్ని బొమ్మలు కలుపుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది, పది సెకన్ల ముక్క మీద ప్రయత్నించాక మిగతాది చేయండి. శబ్దం మాత్రం తిరిగి రాదు. వచ్చే వారం వెళ్లినప్పుడు ఫోనును దారి పక్కన రాయి మీద పెట్టి టైరు గులకరాళ్ల మీద నలిగే చప్పుడు, గొలుసు కటకటలు, దిగినప్పుడు వచ్చే ధబ్ అనే మోత విడిగా రికార్డు చేసుకోండి. స్లో మోషన్ బొమ్మల కింద పాట వేసి వదిలేయకుండా ఆ ధబ్‌ను సరైన ఫ్రేము మీద పెడితే సగం పని అయినట్టే.

బావగారి 25ను పాతకాలపు మాట అని తమ్ముడు కొట్టిపారేశాడని రాశారు. పాపం, ఆయన మాటలో చాలా సరుకుంది. 24లో దైవత్వం ఏమీ లేదు. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, వేగం మనిషిని బట్టి మారేది. 1920ల చివర శబ్దం వచ్చాక వేగం మారితే గొంతు మారిపోతుంది కాబట్టి ఒక అంకె మీద నిలబడవలసి వచ్చి 24 స్థిరపడింది. 25 మన కరెంటు నుంచి వచ్చింది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, టీవీ ప్రసారాలు ఆ లెక్కనే 25 ఫ్రేములు. అమెరికాలో కరెంటు 60, అక్కడి టీవీ లెక్క 30. 50 ఆవృత్తాల కరెంటు మీద చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. మీరు 60లో, బహుశా 1/120 షటర్‌తో తీశారు. 100తో 120 పొసగదు. ఒక్కో బొమ్మకు మినుకులో ఒక్కో భాగం దొరికి, చారలు పాకాయి. కల్యాణ మండపాల్లో ఏళ్ల తరబడి తీసిన మనిషికి ఇది చేతివేళ్లలో ఉంటుంది.

కాబట్టి ఫ్లడ్‌లైట్ల కింద కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ (మినుకును అణిచేది) అనేదాన్ని 50 హెర్ట్జ్‌కు మార్చండి. ఫ్రేముల జాబితా 25, 50, 100, 200గా మారిపోతుంది. 25 గానీ 50 గానీ పెట్టి షటర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి. అక్కడ 200కు వెళితే మళ్లీ వెలుగూ చీకటీ ఆట కనిపిస్తుంది, వెళ్లకండి. కొన్ని మంచి ఎల్ఈడీ దీపాలు మినుకవు. ముందు పది సెకన్లు తీసి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఆయన రెండో మాట, 25లో తీసినా సాఫ్ట్‌వేర్‌లో స్లో చేసి పెడతానన్నది, మీ పనికి కుదరదు. లేని బొమ్మల్ని సాఫ్ట్‌వేరు ఊహించి గీస్తుంది. పెళ్లికూతురు నెమ్మదిగా తలెత్తే చోట అది అందంగానే ఉంటుంది. తిరిగే చక్రం దగ్గర దాని ఊహ పనిచేయదు. స్పోకులు ఐస్‌క్రీములా కరిగి ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, పెడల్ మీది బూటు చుట్టూ చెట్టు ఆకులు అంటుకుని సాగుతాయి. ఒకసారి మీ 24 ఫుటేజ్‌లోని గెంతు మీద ఆయన్నే చేసి చూపించమనండి. చెప్పడం కన్నా చూపడం మేలు, ఆయన మనసూ నొప్పి పడదు.

ఇక మీ ముందున్న దారులు. అన్నిటికన్నా ముందు నిర్ణయించుకోవలసింది టైమ్‌లైన్ అంకె, అది వీడియోను ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి.

దుకాణం యజమాని ఫోనులో చూస్తారు, ఆ తర్వాత ముక్కలు చేసి రీల్స్‌గా పెడతారు అనుకుంటే 30 టైమ్‌లైన్ సుఖం. పగటి పరుగంతా 60లో తీసుకోండి. 30లో పెట్టినప్పుడు ఒకటి విడిచి ఒకటి తీసుకుంటుంది కాబట్టి అతుకు తెలియదు. అవసరమైన చోట సగం వేగానికి దింపుకునే వీలూ ఉంటుంది. గెంతులు మాత్రం 120. అది నాలుగు రెట్ల నెమ్మది. ఈ దారిలో పోగొట్టుకునేది కాస్త సినిమా వాసన. మీ మూడు నిమిషాల వీడియోకు నేను దీనివైపే మొగ్గుతాను.

సినిమా వాసనే కావాలంటే 24 గానీ 25 గానీ. అనంతగిరి మంచు, సైకిలు విప్పి బిగించడం, తమ్ముడు గ్లౌజులు తొడుక్కోవడం లాంటివాటికి అది అందం. దీనితో వచ్చే చిక్కేమిటంటే, 60లో తీసినదాన్ని 24లో అసలు వేగంతో పెట్టకూడదు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. సాఫ్ట్‌వేరు ఒకసారి రెండు బొమ్మలు, ఒకసారి మూడు దాటుకుంటూ పోతుంది, పరుగు కుంటుతుంది. 120 అయితే సరిగ్గా ఐదు, కుంటదు. 25 టైమ్‌లైన్ అయితే 50, 100 తీయండి. అంకెల్లో ఒక కుటుంబాన్ని ఎంచుకుంటే అందులోనే ఉండాలి. పగలు 60, రాత్రి 50 తీసి ఒకే టైమ్‌లైన్‌లో కుక్కితే ఏదో ఒకటి కుంటక తప్పదు. రాత్రి సాధన దృశ్యాలు వీడియోలో ముఖ్యం అనుకుంటే అప్పుడు బావగారి 25 కుటుంబమే మీకు సరైనది. 30 టైమ్‌లైన్ ఎంచుకుంటే మాత్రం రాత్రి దృశ్యాల్ని 30 ఫ్రేముల్లోనే, షటర్ 1/100 దగ్గర కట్టేసి తీయండి.

మూడో దారి మొత్తం 60లోనే చూపించడం. హెల్మెట్ కెమెరాతో పైనుంచి కిందిదాకా కోత లేకుండా దిగే వీడియోకు దీన్ని మించినది లేదు. చూసేవాడి కాళ్లు కుర్చీ కింద బ్రేకులు వెతుక్కుంటాయి. కానీ కథలా చెప్పే వీడియోలో అదే నునుపు టీవీ సీరియల్ చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఫైలు బరువెక్కుతుంది. 1080 రిజల్యూషన్‌లో 30 ఫ్రేములకు యూట్యూబ్ సెకనుకు 8 మెగాబిట్ల బిట్‌రేట్ సూచిస్తే 60కి 12 సూచిస్తుంది. 60 టైమ్‌లైన్‌లో 120 రెండు రెట్లే నెమ్మదిస్తుంది, నాలుగు కావాలంటే మళ్లీ 240, మళ్లీ ఆ చీకటి గొడవ.

అన్నీ 120లో తీసేసి తర్వాత చూసుకుందాం అన్నది మీ స్నేహితురాలి సలహా అని రాశారు. లెక్క ప్రకారం తప్పు లేదు, 24, 30, 60 మూడూ 120ని నిశ్శేషంగా భాగిస్తాయి. అయితే షటర్ 1/120 కన్నా నెమ్మదించదు కాబట్టి మామూలు దృశ్యాలు కూడా మొదటి ఆదివారంలా గెంతుతాయి, కార్డు చకచకా నిండుతుంది. మే నెలలో ట్రైపాడ్ మీద గాలి తగలకుండా నిలబెడితే కెమెరా వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఆగేది ఎప్పుడో తెలుసు కదా, తమ్ముడు దూకే ముందు.

రెండు చిన్న జాగ్రత్తలు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో టైమ్‌లైన్ అంకె ఒకసారి క్లిప్పులు వేశాక మారదు, ముందే పెట్టుకోండి. ఫోనుతో తీసిన క్లిప్పుల్లో ఫ్రేములు ఒకే నిలకడతో ఉండవు, పెదవులకూ మాటకూ పొంతన తప్పిందని మీరు రాసింది అందుకే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి వాడండి.

ఇక కుట్ల గురించిన ఆ ఒక్క వాక్యం.

ఏడుసార్లు దూకించింది మీరే, నిజమే. దూకింది అతను, అదీ నిజమే. ఆరోసారికి కాళ్లు అలిసిపోయాయని అతనికి తెలుసు, అక్క మాట తీసేయలేక మళ్లీ పైకి తోసుకుంటూ వెళ్లాడు. ఎవరిది ఎంత అని నేను తూకం వేయను. కానీ ఏడుసార్లూ దేనికి? అంకె మార్చి చూడటానికి. ఆ పరీక్షకు తమ్ముడు మీటరు ఎత్తు ఎగరాల్సిన అవసరం లేదు. పార్కింగ్ స్థలంలో స్పీడ్ బ్రేకర్ మీది నుంచి అరడుగు ఎగిరినా 60కీ 120కీ తేడా అంతే తెలుస్తుంది. మీ ఇంటి మేడ మీద బంతి ఎగరేసినా తెలుస్తుంది. క్రీడల ఫుటేజ్ ఎడిట్ చేస్తూ నేను గడిపిన ఏళ్లలో కెమెరావాళ్లు ఆటగాణ్ని మళ్లీ చేయమనడం ఎన్నోసార్లు చూశాను, ఆ మళ్లీలో మొదటిసారి ఉన్న ఊపు ఎప్పుడూ ఉండదు. కొండ మీద ఒక గెంతుకు రెండు టేకులు. ఒకటి ట్రైపాడ్ నుంచి 120లో, పక్క నుంచి. రెండోది హెల్మెట్ నుంచి 60లో. రెండూ పాడైతే ఆ వారానికి ఆ గెంతు లేదు. మూడోది అడగాలనిపిస్తే అతను అడగాలి, మీరు కాదు.

"నీకు రాదులే" అన్న మాటకు మీరు ఇంతగా కుంగిపోవడానికి కారణం అది కుట్లు పడ్డ రాత్రి అన్నందువల్లనేమో. నొప్పిలో ఉన్న ఇరవై ఒక్కేళ్లవాడి మాటగా తీసుకోవచ్చు. లేదా నేరుగా అడిగేయవచ్చు, "బావకు ఇచ్చేయమంటావా?" అని. ఇచ్చేయమంటే అదీ ఒక దారే. అప్పుడు బావగారు తీస్తారు, ఎడిటింగ్ ఆయనదే అవుతుంది, 25 అంటే 25. మీరు ఆదివారాలు నిద్రపోవచ్చు, లేదా వెళ్లి ఊరికే చూడవచ్చు. కాదు, నువ్వే తియ్యి అంటే మాత్రం పని పంచుకోండి. టైమ్‌లైన్ అంకె ఎడిట్ చేసేవారిది, అంటే మీది. ఏ క్షణం నెమ్మదించాలో తమ్ముడిది. దీపాల కింద ఏం చేయాలో బావగారిది. వెళ్లే ముందు రాత్రి ఒక కాగితం మీద రాసుకోండి: ఏ మలుపు, ఏ కెమెరా, ఎన్ని ఫ్రేములు. కొండ మీద అంకెలు మార్చడం ఉండదు.

కార్డు సంగతి. మొదటి ఆరు గెంతుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఏడోదాన్ని ఇప్పుడు చూడనక్కర్లేదు, వేరే ఫోల్డర్‌లో పడేయండి. మీరు రాసిన వరుసను బట్టి నాలుగోసారి 120 పెట్టారు. అప్పటికి ఎండ దిబ్బ మీదికి వచ్చి ఉంటుంది, తమ్ముడు ఇంకా అలిసిపోలేదు. మీకు కావలసిన గెంతు అందులోనే ఉండవచ్చు. ఏడోదాన్ని వీడియోలో పెట్టాలా వద్దా అన్నది పడినవాడి ఇష్టం, కూర్చోబెట్టి అడగండి. ఈ కాలపు పిల్లలు పడటాన్ని కూడా గర్వంగా చూపించుకుంటారు. పెడితే అసలు వేగంలోనే పెట్టండి. 240లో తీసినదే కాబట్టి సాగదీయాలని చేయి లాగుతుంది, ఆపుకోండి.

మోచేతి ప్యాడ్లు ఎంతకు వస్తాయో ఆ దుకాణం యజమానినే అడగండి. ఎలాగూ వీడియో చూపించడానికి వెళతారు కదా.